స్క్రీన్ సంగతి సరే, బిల్లు ఏమంటోంది?

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతోనూ నడిచేది) స్క్రీన్ మీద మైలేజీ లీటరుకు 25 కిలోమీటర్లు చూపిస్తోంది, పెట్రోల్ బిల్లులు పట్టుకుని లెక్క వేస్తే 22 దగ్గర ఆగుతోంది, ఏది నమ్మమంటావు మామయ్యా అన్నావు. బిల్లునే నమ్ము. కానీ బిల్లుతో వేసే లెక్కకూ ఒక పద్ధతుంది. అది పాటించకపోతే ఆ 22 కూడా ఉత్తుత్తి అంకే.

మా ఆర్టీసీ డిపోలో కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) అంటే డ్రైవర్లకు టెన్షన్. బస్సు డ్యూటీ దిగి రాగానే ట్యాంకు నిండా డీజిల్ పట్టించేవాళ్లం. పట్టినన్ని లీటర్లే ఆ రోజు కాలినట్టు లెక్క. నీ కారుకూ అంతకు మించిన పద్ధతి లేదు. ఒకసారి ఫుల్ చేయించు, తిరుగు, మళ్లీ ఫుల్ చేయించు. ఈ మధ్యలో తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించు. మొదటిసారి పోయించింది లెక్కలోకి రాదు. చాలామంది బోల్తా పడేది అక్కడే.

ప్రతిసారీ ట్యాంకు ఒకే మట్టానికి నిండాలి, అసలు కిటుకు అదే. నాజిల్ టక్కున ఆగుతుంది చూడు, ఆటో కట్ అంటారు, అక్కడితో ఆపించు. బంకు కుర్రాడు ఊరుకోడు. బిల్లు రౌండ్ ఫిగర్ చేద్దామని ఇంకో రెండుసార్లు నొక్కుతాడు. అందుకే కార్లో కూర్చుని ఫోన్ చూసుకోకుండా దిగి పక్కన నిలబడు. "కట్ అయ్యాక వద్దు బాబూ, ఎంతయితే అంతే ఇస్తా" అను. చెడేది లెక్క ఒక్కటే కాదు. పీకల దాకా పోస్తే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ డబ్బాలోకి పెట్రోలే దిగి, అది పాడయ్యే ప్రమాదం ఉంది.

వీలైనంతవరకు అదే బంకు, అదే పంపు. కారు నిలిపిన చోట నేల కాస్త వాలుగా ఉన్నా, పోసే వేగం మారినా, కట్ అయ్యే మట్టం మారుతుంది. అర లీటరు తేడాతో ఏమవుతుంది అంటావేమో. ముప్పై లీటర్లు పట్టించినప్పుడు అది ఒకటిన్నర శాతం చిల్లర. పది లీటర్లే పట్టిస్తే ఐదు శాతం. కాబట్టి ట్యాంకు పావు వంతుకు దిగాకే ఫుల్ చేయించు. అలాగని బొట్టు మిగలకుండా నడపకు, హైబ్రిడ్‌ను పెట్రోల్ అయిపోయే దాకా తోలడం బ్యాటరీకి కూడా మంచిది కాదు.

బంకు కొలత మీదే అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు నీకుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను చట్టం ఒప్పుకుంటుంది. అంటే అర శాతం. నీ 25కీ 22కీ మధ్య తేడా అంతకంటే చాలా పెద్దది, బంకువాణ్ణి తిట్టుకునే ముందు మిగతావి చూసుకో.

మధ్యలో డబ్బుల లెక్కన కొట్టించాల్సి వస్తే కంగారేమీ లేదు, ఆ బిల్లు దాచు. మాటవరసకు 12,400 దగ్గర ఫుల్ చేయించావు. దారిలో వెయ్యి రూపాయలకు పోయిస్తే 9.31 లీటర్లు పడ్డాయి. మళ్లీ 13,150 దగ్గర ఫుల్ చేయిస్తే 24.2 పట్టింది. 750 కిలోమీటర్లకు రెండూ కలిపి 33.51 లీటర్లు, అంటే 22.4. ఫుల్ నుంచి ఫుల్ దాకా ఒక్క బిల్లు తప్పిపోయినా ఆ ట్యాంకు లెక్క వదిలెయ్, అందాజాగా వేసుకోకు.

ఇప్పుడు హైబ్రిడ్‌కే ప్రత్యేకమైన సంగతి. పొద్దున ఆఫీసుకు వెళ్తే 31 చూపించింది, సాయంత్రం 19 చూపించింది, కారులో ఏదో లోపం ఉందని భయపడ్డావు కదా. లోపం లేదు. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో (కాసేపు ఒక్క బ్యాటరీతోనే నడవగలిగేవి) బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, మన ఇంటి కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. అందులోనూ కారు దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. మధ్యలో వాడుకునే కరెంటు నా లెక్కన ఓ 100 మిల్లీలీటర్ల పెట్రోల్‌కు సమానం. పది కిలోమీటర్ల దారికి, 24 ఇచ్చే కారైతే, దాదాపు 420 మిల్లీలీటర్లు కావాలి. నిండు బ్యాటరీతో బయల్దేరి, చేరేసరికి అది అడుగంటితే 320తో పనైపోతుంది, స్క్రీన్ 31 అంటుంది. సాయంత్రం ఇంజిన్ ఆ బాకీ కూడా తీర్చాలి. అప్పుడు 520 కాలుతుంది, 19 అంటుంది. రెండూ కలిపి చూస్తే 24 అక్కడే ఉంది. అదే 100 మిల్లీలీటర్లు ముప్పై లీటర్ల లెక్కలో ఎక్కడా కనిపించదు. అందుకే చిన్న ట్రిప్పు అంకెలు చూసి సంబరపడకు, దిగులూ పడకు.

తిరుమల వెళ్లొచ్చినవాళ్లు కొండ దిగేటప్పుడు స్క్రీన్ ఫోటో తీసి గ్రూపులో పెడుతుంటారు, చూశావా? ఎక్కేటప్పటి ఫోటో మాత్రం ఎవరూ పెట్టరు. పైగా దిగేటప్పుడు అంత చిన్న బ్యాటరీ సగం దారిలోనే నిండిపోతుంది. ఆ తర్వాత బ్రేకుల నుంచి వచ్చే శక్తిని దాచే చోటుండదు. ప్లగ్ పెట్టి చార్జ్ చేసే కారు కాదు కదా నీది. బ్యాటరీలో ఉన్నదంతా ఏదో ఒకప్పుడు పెట్రోల్ కాలగా వచ్చిందే. ఈవీ మోడ్‌లో, అంటే ఇంజిన్ ఆగి ఒక్క బ్యాటరీతోనే, ఎంత శాతం నడిచిందన్న అంకె చూసుకోవడానికి బాగుంటుంది, ఖర్చు లెక్కకు పనికిరాదు.

సగటు తీసేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఐదు కిలోమీటర్ల ట్రిప్పులో 40, రెండు వందల కిలోమీటర్ల ట్రిప్పులో 18 వస్తే, రెండూ కూడి సగం చేసి 29 అనకూడదు. మొత్తం 205 కిలోమీటర్లు, మొత్తం 11.24 లీటర్లు, వచ్చేది 18.2. ఏ లెక్కైనా మొత్తం కిలోమీటర్లు, మొత్తం లీటర్లు, అంతే.

స్క్రీన్‌ను పూర్తిగా కొట్టిపారేయమనను. అది ఇంజెక్టర్ ఎంత పెట్రోల్ చిమ్మిందో అంచనా వేసి చెబుతుంది, కాస్త ఎక్కువ చెప్పడం చాలా కార్లకు అలవాటే. ఫుల్ చేయించిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ సున్నా చెయ్, మళ్లీ ఫుల్ చేయించేటప్పుడు స్క్రీన్ అంకెనూ నీ లెక్కనూ పక్కపక్కన రాసుకో. నాలుగైదు ట్యాంకులు అలా రాస్తే నీ స్క్రీన్ ఎంత శాతం కోతలు కోస్తోందో తెలిసిపోతుంది. ఆ తేడా ఇంచుమించు ప్రతిసారీ అంతే ఉంటే, తర్వాత స్క్రీన్ చూసి మనసులోనే తగ్గించుకోవచ్చు.

కిలోమీటర్ల మీటరును కూడా ఒకసారి సరిచూడు. విజయవాడ హైవే మీద రాళ్లు చూసుకుంటూ యాభై కిలోమీటర్లు నడిపితే చాలు. టైరు పూర్తిగా అరిగేసరికి దాని చుట్టుకొలత దాదాపు రెండు శాతం తగ్గుతుంది, మీటరు అంత ఎక్కువ చూపిస్తుంది. కొత్త టైర్లు వేయించగానే మైలేజీ పడిపోయిందని గోల పెట్టేవాళ్లకు ఇదీ ఒక కారణం.

కంపెనీవాళ్లు చెప్పే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదితో నీ అంకెను పోల్చుకుని బాధపడకు. ఆ అంకె తేల్చే పరీక్షలో కారు రోడ్డెక్కదు. గదిలో రోలర్ల మీద 1180 సెకన్లు నడుపుతారు, వేగం 90 దాటదు, ఏసీ ఉండదు. మే నెలలో సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర నువ్వు నిలబడితే ఏసీ బ్యాటరీని తాగుతుంది, బ్యాటరీ కోసం ఇంజిన్ లేస్తుంది, కిలోమీటరు మాత్రం కదలదు. మా డిపోలోనూ సిటీ బస్సు డ్రైవరును, హైవే డ్రైవరును ఒకే గాటన కట్టేవాళ్లం కాదు. ఈ మే నెలను పోయిన మే నెలతో పోల్చు, ఆఫీసు ట్యాంకును ఆఫీసు ట్యాంకుతో పోల్చు. అందుకే పుస్తకంలో తేదీ, మీటరు, లీటర్లు రాశాక పక్కన రెండు ముక్కలు రాయి: ఊరికి వెళ్లాం, ఐదుగురం, వాన, టైర్లలో గాలి పట్టించాం, అలా.

ఒకటి మర్చిపోయాను. సర్వీసుకు ఇచ్చే ముందు మీటరూ స్క్రీనూ ఫోటో తీసి పెట్టుకో. అక్కడ 12 వోల్టుల చిన్న బ్యాటరీ వైరు ఊడదీస్తే ట్రిప్ మీటరు, సగటు సున్నా అయిపోవచ్చు. బండిని టెస్ట్ డ్రైవ్‌కు తిప్పిన కిలోమీటర్లు కూడా నీ ఖాతాలోనే పడతాయి.

నాలుగు ట్యాంకులు అయ్యాక ఆ పేజీ ఫోటో పంపు, చూస్తాను.

మామయ్య