కార్జం ఎక్కువై కాళ్లు వంగాయి

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. 60 గొర్రెలున్నాయి, కాపలాకు రెండు కుక్కలు. ఒకటి మూడేళ్ల నాటు కుక్క, 18 కిలోలు. రెండోది ఐదు నెలల జర్మన్ షెపర్డ్ క్రాస్ పిల్ల, 12 కిలోలు. ఫోన్లో వీడియోలు చూసి రెండు నెలలుగా పిల్లకు అన్నం మాన్పించాం. సహజ ఆహారమని రోజూ కోడి కార్జం 400 గ్రాములు, గొర్రె ఊపిరితిత్తులు 300 గ్రాములు పచ్చివే పెడుతున్నాం. పెద్దదానికి తలకాయలు, బోటి, ఊపిరితిత్తులు పచ్చివే వేస్తాం. పదిహేను రోజుల నుంచి పిల్ల ముందుకాళ్లు విల్లులా వంగాయి. కుంటుతోంది, ముట్టుకుంటే అరుస్తోంది. ఎండ తగలక వచ్చిన రికెట్స్ అని మందుల షాపులో రోజుకు 10 మి.లీ. కాల్షియం టానిక్, వారానికో ఏడీ3ఈ (ఎ, డి3, ఇ విటమిన్ల) ఇంజెక్షన్ చెప్పారు. మూడు ఇంజెక్షన్లు అయ్యాయి, గుణం లేదు. డోసు పెంచాలా? ఇంకో సంగతి, ఒక గొర్రెపిల్ల మూడు వారాలుగా ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతోంది. చిటుక రోగం అనుకుని టీకా తెచ్చాం. వెయ్యొచ్చా? కుక్కల మలంలో పురుగులేమీ కనిపించలేదు.

జవాబు: డోసు పెంచకండి. నాలుగో ఇంజెక్షన్ అసలు వెయ్యకండి. పిల్లకు కార్జం ఈ పూట నుంచే ఆపేయండి.

ఇది ఎండ తక్కువై వచ్చింది కాదు. కుక్క చర్మం మన చర్మంలా ఎండతో విటమిన్-డి తయారు చేసుకోలేదు, దానికి డి విటమిన్ తిండి నుంచే రావాలి. పిల్లను రోజంతా ఎండలో కట్టేస్తే వడదెబ్బ తగులుతుందే తప్ప ఎముక గట్టిపడదు. అసలు తప్పు మీరు పెట్టే గిన్నెలో ఉంది. 100 గ్రాముల కోడి కార్జంలో కాల్షియం 8 మిల్లీగ్రాములు, భాస్వరం దాదాపు 300 మిల్లీగ్రాములు. ఊపిరితిత్తుల్లోనూ కాల్షియం నామమాత్రమే. మీ లెక్క ప్రకారం పిల్లకు రోజుకు అందుతున్న కాల్షియం మొత్తం 60 మిల్లీగ్రాములు. ఆ వయసులో ఆ బరువున్న పిల్లకు కావలసింది 3 గ్రాములకు పైనే. అంటే యాభయ్యో వంతు కూడా అందడం లేదు. పైగా ఎదిగే పిల్ల తిండిలో కాల్షియం భాస్వరం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. మీ గిన్నెలో భాస్వరమే ముప్పై రెట్లు ఎక్కువ.

రక్తంలో కాల్షియం పడిపోకుండా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి దాన్ని లాగుతాయి. అందుకే రక్త పరీక్షలో కాల్షియం చాలాసార్లు మామూలుగానే వస్తుంది. ఆ రిపోర్టు చూసి 'కాల్షియం బాగానే ఉంది' అని సంతోషపడకండి. రెండు ముందుకాళ్లకు, నడుముకు ఎక్స్‌రే తీయించండి. ఎముక గోడ పలచబడి, నీడలా కనిపిస్తుంది. ఈ దశలో అరుగు మీంచి దూకినా చాలు, పుటుక్కున విరుగుతుంది. మలవిసర్జనకు ముక్కుతోందేమో కూడా గమనించండి. కటి ఎముకలు మెత్తబడి లోపలికి నొక్కుకుంటే దారి ఇరుకవుతుంది.

ఇక షాపువాళ్ల వైద్యం. టానిక్ సీసా తిప్పి లేబుల్ చదవండి. 100 మి.లీ.కి 1,650 మి.గ్రా. కాల్షియం అని ఉంటే, మీరు పోసే 10 మి.లీ.లో వెళ్లింది 165 మి.గ్రా. మూడు గ్రాముల లోటుకు అది ఏ మూలకు? దాన్ని పూడ్చాలని సీసా మొత్తం తాగిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంజెక్షన్ సంగతి ఇంకా ఘోరం. 400 గ్రాముల కోడి కార్జంలోనే విటమిన్-ఎ సుమారు 44 వేల ఐ.యూ. ఉంటుంది. ఈ పిల్లకు రోజుకు అవసరమైంది 1,500 దరిదాపుల్లో. గొర్రె కార్జమైతే ఇంకా రెట్టింపు పైన. ఎ, డి విటమిన్లు నీళ్లలో కొట్టుకుపోయేవి కావు, ఒంట్లో పేరుకునేవి. ఇప్పటికే నిండిన కుండలో పశువుల కోసం తయారైన ఏడీ3ఈ మూడుసార్లు పోశారు. విటమిన్-ఎ ఎక్కువైనా ఎముకల నొప్పులే వస్తాయి, డి ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. కుంటే పిల్లను కళ్లతో చూడకుండా, ఏం తింటోందో అడక్కుండా సిరంజి చేతికిచ్చేవాళ్లను డాక్టరనకండి. ఆ షాపులో మీరు అడగాల్సింది సరుకు ధర ఒక్కటే.

నొప్పి తగ్గాలని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వెయ్యకండి. కుక్కకు కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు పోతాయి. పశువైద్యుడు చూసి అవసరమంటే మెలాక్సికామ్ మొదటి రోజు కిలో బరువుకు 0.2 మి.గ్రా., రెండో రోజు నుంచి 0.1 మి.గ్రా. తిండి తిన్నాకే ఇస్తారు. మీ 12 కిలోల పిల్లకు మొదటి రోజు 2.4, తర్వాత 1.2 మిల్లీగ్రాములు. నొప్పి పూర్తిగా తెలియకపోతే పిల్ల గంతులేసి కాలు విరగ్గొట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు వాడరు.

తిండి మార్పే దీనికి మందు. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం తయారైన సంపూర్ణ దాణా తెచ్చి, సంచి మీద రాసిన కొలత ప్రకారం రోజుకు మూడు పూటలుగా పెట్టండి. సాధారణంగా ఈ బరువుకు 300–350 గ్రాములు పడుతుంది. పిల్ల తినకపోతే మొదటి నాలుగైదు రోజులు గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, చెంచాడు ఉడికించిన కోడి మాంసం కలపండి, కార్జం మాత్రం కాదు. ఈ దాణా మీద టానిక్ గానీ, పొడి గానీ, గుడ్డు పెంకు గానీ వెయ్యకూడదు. పెద్ద జాతి పిల్లల్లో కాల్షియం తక్కువైనా కాళ్లు వంకరే, ఎక్కువైనా వంకరే. సంచి ఖరీదని తెలుసు. ఎదిగే పిల్లకు ఇంటి వంటతో కాల్షియం, భాస్వరం రెండూ సరిగ్గా సమకూర్చడం కష్టం, నెత్తిన తూకం పెట్టుకుని వండాలి. పన్నెండు నుంచి పదిహేను నెలల వయసు వరకు ఈ ఖర్చు భరించండి, తర్వాత ఇంటి తిండికి మారొచ్చు.

పిల్లను నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న చోట, గోనెసంచి మెత్తగా పరిచి ఉంచండి. మెట్లు వద్దు, పెద్ద కుక్కతో ఆటలు వద్దు, మంద వెంట అసలు వద్దు. తిండి మారిన వారం పది రోజుల్లో నొప్పి తగ్గుతుంది. తగ్గిందని వదిలేస్తారు చాలామంది, ఎముక విరిగేది సరిగ్గా అప్పుడే. నెలకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి. వంపు కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోతుందని మాటివ్వలేను.

మీరు చూసిన వీడియోల సంగతి కూడా చెప్పాలి. ఆ పచ్చి ఆహారం సూత్రం చెప్పేవాళ్లు సైతం నూటికి ఎనభై పాళ్లు మాంసం, పది పాళ్లు ఎముక, పది పాళ్లు లోపలి అవయవాలు అంటారు, ఆ పదిలో కార్జం సగమే. అంటే నూటికి ఐదు. మీరు నూటికి అరవై దాకా తీసుకెళ్లారు. తోడేలు కార్జం తినదా అంటారేమో. తింటుంది. 25 కిలోల పొట్టేలును కోస్తే కార్జం అరకిలో దాటదు, తోడేలు ఆ అరకిలోతో పాటు కండ, ఎముకలు, తోలు దాకా తింటుంది. కసాయి దుకాణంలో ఏది చవగ్గా దొరికితే అదే రోజూ తెచ్చి పెట్టడం ఏ ప్రకృతిలోనూ లేదు. కోడి గుండె, కందనకాయ మాత్రం అవయవాలే అయినా పోషకాల లెక్కలో కండ కిందికే వస్తాయి, వాటికి ఈ భయం లేదు.

పెద్ద కుక్కకు ఇంటి తిండి చాలు. రోజుకు జొన్నలో బియ్యమో పచ్చివి తూచి 150 గ్రాములు వండి, ఎముకల్లేని కోడి మాంసం లేదా గుండె, కందనకాయలు 200 గ్రాములు, కార్జం 30 గ్రాములు, ఒక గుడ్డు, రెండు చిన్న చెంచాల నూనె, దానిపై అర చిన్న చెంచా గుడ్డు పెంకు పొడి. పెంకులు పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, మిక్సీలో పిండిలా మెత్తగా పట్టాలి. అర చెంచా పొడిలో దాదాపు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది, 18 కిలోల ఎదిగిన కుక్కకు అది సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి వెయ్యకండి. ఉడికించిన ఎముకలు పెట్టకండి, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇప్పుడు మీరు చివర్లో చిన్నగా రాసిన విషయానికి వస్తాను. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా భయం వేసింది దాని గురించే. మూడు వారాలుగా ఒకే పక్కకు తిరిగే గొర్రెపిల్లది చిటుక రోగం కాదు. చిటుక వస్తే రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, మూడు వారాలు తిరగదు. ఇది తిరుగుడు రోగం, మెదడులో నీటి బుడగ. దాన్ని మందకు ఇచ్చింది మీ కాపలా కుక్కే అయ్యుండాలి. తలకాయలు దానికి పచ్చివే వేస్తున్నారు కదా. బుడగ ఉన్న మెదడు తిన్న కుక్క పేగుల్లో టేప్‌వార్మ్ (బద్దె పురుగు) పెరిగి, ఆరు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలవుతుంది. అవి మలంతో కంచె గడ్డి మీద పడి, మళ్లీ గొర్రెపిల్ల నోట్లోకి వెళ్తాయి.

చిటుక టీకా ఈ జబ్బుకు పనిచెయ్యదు. దాన్ని ఏటా వానలకు ముందు మంద మొత్తానికి వేయించాలి, అది వేరే లెక్క. మీరు తెచ్చిన సీసా దారిలో ఐస్‌లో లేకపోతే పారేయండి. ఈ పిల్లను పశువైద్యుడికి చూపించండి. సాధారణంగా బుడగ ఉన్న వైపుకే తిరుగుతుంది, ఎదుటి వైపు కన్ను కనపడదు. ముదిరితే కొమ్ము మొదలు దగ్గర పుర్రె వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. అక్కడ తెరిచి బుడగ తీస్తే బతికే పిల్లలు చాలానే ఉంటాయి. జ్వరం ఉండి, ఒక చెవి వాలి, చొంగ కారుతుంటే మాత్రం మెదడుకు పాకే లిస్టీరియా బ్యాక్టీరియా కావచ్చు, అప్పుడు ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఊపిరితిత్తులు పచ్చివి వెయ్యడం ఇంకో ప్రమాదం, అది మీ ఇంట్లో మనుషులకు. కోతకు వచ్చిన గొర్రె కార్జం మీద, ఊపిరితిత్తుల్లో గోలీ నుంచి నిమ్మకాయ అంత వరకు తెల్లని బుడగలు చూసే ఉంటారు. కత్తి తగిలితే తేటనీరు చిమ్ముతుంది, లోపల కొబ్బరి పొరలాంటి తెల్లని పొర, అడుగున సన్నని ఇసుక. దుకాణదారు ఆ ముక్క కోసి పక్కనున్న కుక్కకు విసురుతాడు. ఆ ఇసుకలో ఒక్కో రేణువూ కుక్క పేగులో ఒక్కో టేప్‌వార్మ్ అవుతుంది. పొడవు అర సెంటీమీటరు దాకా, అంతే. మలంలో కంటికి కనపడదు కాబట్టి 'పురుగులు కనిపించలేదు' అన్న మాటకు విలువ లేదు. బియ్యపు గింజల్లా రాలేవి వేరే రకాలవి. కుక్క బొచ్చుకు అంటిన గుడ్లు దాన్ని నిమిరిన పిల్లల నోట్లోకి వెళ్తే వాళ్ల కార్జంలో, ఊపిరితిత్తుల్లో అవే బుడగలు ఏళ్ల తరబడి పెరుగుతాయి. కొన్నిసార్లు ఆపరేషనే గతి. ఆ మాంసం తింటే మనకు వస్తుందని చాలామంది అనుకుంటారు, కాదు. కుక్క నుంచి వస్తుంది.

కాబట్టి రెండు కుక్కలకూ ఈ వారమే ప్రాజిక్వాంటెల్ వెయ్యండి, కిలో బరువుకు 5 మి.గ్రా. ఒక్కో మాత్రలో 50 మి.గ్రా. ఉంటే పిల్లకు ఒకటింపావు, పెద్దదానికి రెండు. పస్తు ఉంచనక్కర్లేదు. గొర్రెలకు పోసే ఐవర్‌మెక్టిన్ ఈ టేప్‌వార్మ్‌ను చంపదు, ఆ సీసాతో కుక్కల పని కానివ్వకండి. ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది గానీ గుడ్లను కాదు. అందుకే మందు వేశాక మూడు రోజులు కుక్కలను కట్టేసి, మలం చేతికి గ్లౌజు తొడుక్కుని ఎత్తి, కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి. ఆరు వారాలకు మళ్లీ వెయ్యాలి. పచ్చి అవయవాలు దొరికే అవకాశం ఉన్నంత కాలం ఆరు వారాలకోసారి తప్పదు, పూర్తిగా ఉడికించినవే పెడితే మూడు నెలలకోసారి చాలు.

ఉడికించడమంటే పైపైన ఒక పొంగు రానివ్వడం కాదు. నిమ్మకాయంత ముక్కలు చేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక అరగంట. ఫ్రిజ్ ఐస్ గదిలో పెట్టి తీస్తే చాలని ఎవరైనా చెప్తే నమ్మకండి, మన ఇళ్ల ఫ్రిజ్‌లకు, పోయే కరెంటుకు ఆ చలి నిలవదు. బుడగలున్న ముక్కలు ఉడికించి కూడా పెట్టకండి, మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చండి. గొర్రెలు ఈనినప్పుడు మాయ, ఈసుకుపోయిన పిల్ల కూడా అదే గోతిలోకి. అవి తిన్న కుక్కలకు పశువులను ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా బ్యాక్టీరియా అంటుకోవచ్చు.

రెండు కుక్కలకు రేబిస్ టీకా వేశారో లేదో మీరు రాయలేదు. వెయ్యకపోతే కాళ్లకు ఎక్స్‌రే తీయించే రోజే పెద్దదానికి వేయించండి. పిల్ల ఇప్పుడు మందుల భారంతో ఉంది, కోలుకున్నాక ఎప్పుడు వెయ్యాలో చూసిన డాక్టరు చెప్తారు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఏడీ3ఈ ఖాళీ సీసా వెంట తీసుకెళ్లండి, ఒంట్లోకి ఎంత వెళ్లిందో దాని మీద లెక్క కడతారు.