లయన్ కింగ్ సినిమా చూసేశాం, మ్యూజికల్ కూడా చూడాలా?

"సినిమా డైలాగులతో సహా నోటికి వచ్చు. న్యూయార్క్ వెళ్లినప్పుడు అంత డబ్బు పోసి అదే కథని స్టేజి మీద చూడటం దండగేమో, చూసినవాళ్లు చెప్పండి" అని అడిగారు. నేను రెండుసార్లు చూశాను. ఒకసారి స్నేహితులతో, తర్వాత అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లతో. దండగ కాదు. కానీ సినిమానే మళ్ళీ చూద్దామని వెళ్తే మాత్రం ఉసూరుమంటారు.

మొదటిసారి బయటికి వచ్చాక సబ్‌వే దాకా వాదించుకుంటూనే నడిచాం. "మనుషులే కనిపిస్తున్నారు కదరా, సింహాలెక్కడ?" అని ఒకడి గొడవ. వాడన్నదీ నిజమే. సింహాల రాజు ముఫాసా ముసుగు నటుడి తలపైన ఉంటుంది, కింద మనిషి ముఖం మామూలుగానే కనిపిస్తుంది. టిమోన్‌ని (ముంగిసలాంటి చిన్న జంతువు) ఆడించేవాడు ఒళ్లంతా పచ్చరంగుతో బొమ్మ వెనకే నిలబడతాడు. ఆఖరికి గడ్డి కూడా మనుషులే, నెత్తిన మోసుకొస్తారు! దాచడానికి ఎవరూ ప్రయత్నించరు. దర్శకురాలు జూలీ టేమర్ కావాలనే అలా చేశారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు ఇండోనేషియాలో ఉండి, అక్కడి బొమ్మలాటలూ ముసుగు నాటకాలూ దగ్గరగా చూసొచ్చారు.

ఈ సంగతులేవీ తెలియని మా నాన్నగారు ఇంటర్వెల్‌లో ఒక్క ముక్కలో తేల్చేశారు: "మన తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. వీళ్లు తెర తీసేశారు, అంతే." మొదట్లో కళ్లు మనిషి మీదికే పోయాయట, కాసేపటికి ఆ ధ్యాసే పోయిందట. నాకు అది ముఫాసా తమ్ముడు, విలన్ స్కార్ దగ్గర బాగా తెలిసింది. కోపం వచ్చి ముందుకు వంగగానే నెత్తిమీది ముసుగు జారి సరిగ్గా ముఖం ముందుకి దిగుతుంది. నిటారుగా నిలబడితే మళ్ళీ పైకి పోతుంది. అప్పటిదాకా మాట్లాడిన మనిషి ఆ ఒక్క క్షణం సింహమైపోతాడు. సినిమాలో ఇది లేదు, ఉండే అవకాశమూ లేదు.

మొదలు గురించి మాత్రం రెండుసార్లూ ఎవరూ పేచీ పెట్టలేదు. రఫీకి అనే కోతి (స్టేజి మీద ఆడ పాత్ర) ఆఫ్రికాలోని జూలూ భాషలో గొంతెత్తి పిలుస్తుంది. కాళ్లకీ చేతులకీ కర్రలు కట్టుకున్న జిరాఫీలు మెల్లగా నడిచొస్తాయి. మిగతా జంతువులు జనం మధ్యలోంచే స్టేజి మీదికి వెళ్తాయి. నలుగురు మనుషులు మోసే ఏనుగు మా అమ్మ కుర్చీ పక్కనుంచే వెళ్లింది. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ పాట అయ్యేదాకా వదల్లేదు. అందుకే ఆలస్యంగా మాత్రం వెళ్లకండి, ఆ ఊరేగింపు అయ్యేవరకు లోపలికి పంపరు. ఉన్నదాంట్లో గొప్పది అదే పోతుంది.

ముఫాసా చనిపోయే తొక్కిసలాటని స్టేజి మీద ఎలా చేస్తారో అని నాకు మొదట్నుంచీ అనుమానం. వెనక దూరంగా తిరిగే రోలర్ల మీద చిన్న చిన్న వైల్డ్‌బీస్ట్‌లు (దున్నల్లా కనిపించే ఆఫ్రికా జంతువులు), వాటి ముందు ఇంకొంచెం పెద్దవి, అన్నిటికంటే ముందు పెద్ద ముసుగులతో డాన్సర్లు. వాళ్లకీ ముందు ముఫాసా కొడుకు సింబా, పిల్లాడు, ఒక్కడే పరిగెడుతుంటాడు. మంద మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఆడసింహాలు కళ్లలోంచి పొడవాటి తెల్ల పట్టీలు లాగుతాయి, కన్నీళ్లన్నమాట. మా వాడొకడు అక్కడ కిసుక్కున నవ్వాడు. నాకు గొంతు పట్టేసింది.

ఇక ఫిర్యాదులు. పాత కార్టూన్ సినిమా గంటన్నర కూడా లేదు, ఇది ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు. ఆ సాగతీత సెకండాఫ్‌లో తెలుస్తుంది. స్కార్ పిచ్చి గురించిన పాట ఒకటి కొత్తగా పెట్టారు, తీసేసినా నష్టం లేదు. నాన్నగారు అక్కడే ఓ కునుకు తీశారు. కానీ సింబా నేస్తం, ఆడసింహం నాలా ఊరొదిలి వెళ్లేముందు పాడే పాట కూడా కొత్తదే, నా లెక్కలో మొత్తం షోలో అదే బెస్ట్. సినిమాకి పాటలు కట్టిన ఎల్టన్ జాన్ పాటల కోసం వెళ్లినవాళ్లు "సినిమాలో గొంతులే బావున్నాయి" అంటారు. నాకు దక్షిణాఫ్రికా సంగీతకారుడు లెబో ఎం చేసిన ఆఫ్రికన్ కోరస్ ముందు అవి తేలిపోయాయి. స్టేజికి రెండు పక్కలా బాక్సుల్లో కూర్చుని డ్రమ్స్ వాయించేవాళ్లని చూడటం మర్చిపోకండి.

పిల్లలతో వెళ్తుంటే, ఆరేళ్లు దాటినవాళ్లకి బాగుంటుందని షో వాళ్లే చెప్తారు. మా వెనక ఒక బుడ్డోడు ప్రతి డైలాగూ నటుల కంటే ముందే అప్పజెప్పాడు. వాడి పక్కవాళ్ల సంగతేమో గానీ నాకైతే నచ్చింది.

సీటు విషయం. ఒక్కసారే చూస్తామంటే కింది అంతస్తులో నడవ పక్కన తీసుకోండి, ఏనుగు పక్కనుంచే వెళ్తుంది. తొక్కిసలాట మాత్రం పైన బాల్కనీ ముందు వరసల నుంచే బాగా కనిపిస్తుంది, నేను మొదటిసారి అక్కడే కూర్చున్నాను.