హాస్టల్లో అడిగే ప్రశ్నలు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో స్నేహితులు వేస్తున్న ప్రశ్నలన్నీ వరుసగా రాసి, ఒక్కోదానికి జవాబు రాసి పంపమన్నావు. పంపను. ఇంకొకరు రాసిచ్చిన జవాబు అప్పజెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతావు. ఎలా సిద్ధపడాలో మాత్రం చెబుతాను. మన నిరీక్షణ గురించి అడిగినవారికి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు రాశాడు. మన కుర్రాళ్లు సమాధానం పట్టుకుని సాత్వికాన్ని వదిలేస్తున్నారు.

ముందు అడిగేది ఎవరో చూడు. నీ జాబితాలో మొదటి ప్రశ్న, "దేవుడే ఉంటే లోకంలో ఇన్ని బాధలెందుకు?" అది అడిగిన అబ్బాయికి కిందటి ఏడాది తండ్రి పోయారని నువ్వే రాశావు. అతని దగ్గర మానవ స్వేచ్ఛ, ఆదాము పతనం అంటూ ఉపన్యాసం మొదలుపెట్టకు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, నోరు విప్పాకే చెడగొట్టారు. ఆ అబ్బాయిని క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ తాగించు, వాళ్ల నాన్నగారి గురించి చెప్పనివ్వు. అదే ప్రశ్నను వాదన కోసం వేసేవాడు వేరే ఉంటాడు. అతనితో వాదించు, తప్పులేదు. కాని బాధకు పూర్తి వివరణ మన దగ్గర ఉందని మాత్రం అనకు. లేదు. దేవుడే సిలువ మీద ఆ బాధలోకి దిగాడన్నది మనం చెప్పగలిగిన మాట.

ప్రతి ప్రశ్న వెంటా పరుగెత్తకు. నోవహు ఓడలో అన్ని జంతువులు ఎలా పట్టాయన్న దగ్గర మొదలైతే తెల్లవారిపోతుంది. మన విశ్వాసం నిలిచినా కూలినా ఒక్కచోటే: క్రీస్తు లేచాడా, లేదా? లేవకపోతే తన ప్రకటన వ్యర్థమని పౌలే అన్నాడు. కొరింథు సంఘానికి ఆయన ఆ పత్రిక రాసింది సిలువ తర్వాత సుమారు పాతికేళ్లకు. కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు శిష్యులు, ఐదు వందలకు పైగా సహోదరులు, యాకోబు అని సాక్షులను వరుసగా చెప్పి, ఆ ఐదు వందల మందిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా అన్నాడు. కావాలంటే వెళ్లి అడగండి అనే కదా! ఈ యాకోబు ప్రభువుకు సహోదరుడు. యేసు సహోదరులు మొదట ఆయనను నమ్మలేదని యోహాను సువార్త దాచకుండా చెబుతుంది. అలాంటివాడు యెరూషలేము సంఘానికి పెద్ద ఎలా అయ్యాడు? ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలని నాలుగు సువార్తలూ చెబుతాయి. ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువైన ఆ సమాజంలో, కథ కల్పించేవాడు ఎవరైనా అలా కల్పిస్తాడా? నన్ను నిలబెట్టినవి ఈ వివరాలే.

అయితే ఇవి లెక్కల రుజువులు కావు. ఏ వివరణ ఎక్కువగా పొసుగుతుందో చూడటమే చరిత్రలో చేయగలిగింది, నువ్వూ ఆ మేరకే మాట్లాడు. యూదయ గవర్నరు పిలాతు పాలనలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అది మరణానికి సాక్ష్యం, లేవడానికి కాదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రచనలో యేసును గురించిన ప్రసిద్ధ వాక్యాల్లో తర్వాతి క్రైస్తవుల చేర్పులు ఉన్నాయని పండితుల్లో ఎక్కువమంది అంటారు. కాబట్టి దాన్ని ముందుకు తోయకు.

నీ గదిలోని ముస్లిం మిత్రుడు బైబిలును మార్చేశారంటున్నాడు కదా. మాంచెస్టర్‌లోని రైలాండ్స్ గ్రంథాలయంలో యోహాను సువార్త రాసిన పాపిరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఒకటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు వైపులా గ్రీకు అక్షరాలు, పిలాతు యేసును విచారించే ఘట్టం. రెండో శతాబ్దానిదని సాధారణంగా లెక్కగడతారు. ప్రతుల మధ్య తేడాలు లేవా అంటే ఉన్నాయని నువ్వే ముందు చెప్పు. మార్కు చివరి అధ్యాయంలోని ఆఖరి పన్నెండు వచనాలు, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ అతి ప్రాచీన ప్రతుల్లో లేవు. నువ్వు దాస్తే అతను ఫోనులో వెతికి చూపిస్తాడు. ఇక ఏ పుస్తకాలు ఉండాలో 325లో నీసియాలో జరిగిన బిషప్పుల సభలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తేల్చాడన్నది ఉత్త పుకారు. ఆ సభ కూర్చుంది క్రీస్తు సృష్టించబడినవాడేనన్న ఏరియస్ బోధ మీద. ఖురాన్ ఈసాను, అంటే యేసును, ప్రవక్తగా గౌరవిస్తుంది, కన్యకు పుట్టాడంటుంది. మొదట అక్కడ కలవండి. సిలువ దగ్గర దారులు విడిపోతాయి, విడిపోనీ.

ఒక పని మాత్రం అసలు చేయకు. మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే సరుకు ఎవరికీ పంపకు. యెహోషువ కోసం సూర్యుడు ఆగినప్పుడు తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్ కనిపెట్టిందని, డార్విన్ చివరి క్షణాల్లో క్రీస్తును నమ్ముకున్నాడని. రెండూ అబద్ధాలే. డార్విన్ విషయం ఆయన పిల్లలే ఖండించారు. అబద్ధంతో దేవుణ్ని కాపాడబోయేవాణ్ని చూస్తే నాకు నాస్తికుడి మీద కన్నా ఎక్కువ కోపం వస్తుంది.

"తెల్లవాళ్ల మతం" అన్నదానికి ఎక్కువసేపు అక్కర్లేదు. ఇథియోపియా రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవుడయ్యాడు, రోము నుంచి వెళ్లిన మిషనరీ కాంటర్‌బరీ అగస్టీన్ ఇంగ్లండులో అడుగుపెట్టింది 597లో. "బియ్యం కోసం మారారు" అన్నప్పుడు మాత్రం ఆగి చెప్పు, అది మన తాతముత్తాతల మీద వేసే మాట. 1876-78 కరవులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి కల్పించాడు. తిండి కోసం వస్తారన్న అనుమానంతో ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు మనుషులుగా చూడనివాళ్లను ఒకరు మనుషులుగా చూశారు, అది కూడా ఒక కారణమే. దాన్ని తక్కువ కారణమని ఎందుకు అనుకోవాలి? "మరి మీ సంఘాల్లో కులం లేదా?" అని వెంటనే అడుగుతారు. ఉంది. పెళ్లి సంబంధాల మాటొస్తే తెలిసిపోతుంది. ఒప్పుకో, సిగ్గుపడు, సమర్థించకు.

నాస్తికుడికి నీతి ఉండదని ఎన్నడూ అనకు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు సహపంక్తి భోజనాలు పెట్టించారు, కూతురిని దళిత యువకుడికి ఇచ్చి పెళ్లి చేశారు. అంత ధైర్యం మన విశ్వాసుల్లో ఎందరికుంది? నీతికి ఆధారం ఏమిటి అన్నది వేరే ప్రశ్న, దాన్ని మర్యాదగానే అడగవచ్చు. అలాగే హిందూ మిత్రుడి దేవుళ్ల మీద పరిహాసం నీ నోట వినకూడదు. భగవద్గీత ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదివాకే దాని గురించి మాట్లాడు.

మార్కు సువార్త ఒకే బిగిన చదవడానికి రెండు గంటలైనా పట్టదు. ఈ ఆదివారం ఆ పని చెయ్యి, ఎదుటివాడిలా అనుమానిస్తూ చదువు, నీకే మింగుడుపడని చోట గీత గీసి నాకు రాయి. నరకం గురించి వదలకుండా అడుగుతున్నాడన్నావే, ఆ మిత్రుణ్ని క్రిస్మస్ సెలవులకు ఇంటికి తీసుకురా. శాకాహారి అయితే ముందే ఫోను చెయ్యి, మీ అత్తయ్య వంట చూసుకోవాలి. నరకం సంగతి అతనితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మామయ్య