‘సులువైన బాట’ అని రాసుంటే సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు చేత్తో తోసుకునే వీల్‌చెయిర్ వాడతారు. ఒక అడవి బాట గురించి ‘సులువు, ఒకటిన్నర కిలోమీటర్లు’ అని రాసి ఉంది. ముందుగా నేనొక్కణ్నే వెళ్లి చూసొద్దామనుకుంటున్నా. ఏమేం చూడాలి?

జవాబు: దూరం సంగతి చివర్లో చూడండి. ‘సులువు’ అన్నది మామూలుగా నడిచేవాళ్ల లెక్క. మధ్యలో మూడు మెట్లున్నా వాళ్లకది సులువే. మీరు చూడాల్సింది వాలు, పక్కవాలు (బాట అడ్డంగా ఒక పక్కకు ఒరిగి ఉండటం), నేల.

ఒక మీటరు కర్ర, ఫోన్‌లో సమంగా ఉందో లేదో చూపే లెవెల్ యాప్ ఉంటే చాలు. కర్రను బాట పొడవునా పెట్టి, ఎగువ కొన నేలకు ఆనించి, సమంగా పట్టుకోండి. దిగువ కొన కింద ఖాళీ 5 సెంటీమీటర్ల లోపుంటే, చేతుల్లో సత్తువ ఉన్నవారు సొంతంగా తోసుకోగలరు. 8 సెంటీమీటర్లంటే ఇంచుమించు 1:12 వాలు. బయటి బాటలకు అమెరికాలో ఉన్న ప్రమాణాల ప్రకారం ఇంత వాలు 60 మీటర్లు సాగేలోపే ఆగడానికి చదునైన చోటు ఉండాలి. యాప్ చూపించే డిగ్రీలను శాతం అనుకోకండి. 5 డిగ్రీలంటే దాదాపు 9 శాతం!

పక్కవాలును ఎవరూ పట్టించుకోరు గానీ, భుజాలను ఎక్కువగా బాధపెట్టేది అదే. కర్రను అడ్డంగా పెట్టి చూడండి. వాననీరు పోవడానికి 2 సెంటీమీటర్లు ఉండొచ్చు. 5 దాటితే కుర్చీ పల్లం వైపు లాగేస్తూ ఉంటుంది. దారి పొడవునా పల్లం వైపు చెయ్యి తోస్తూనే ఉండాలి, రెండో చెయ్యి అదిమి పట్టాలి.

నేల మీద మడమ నొక్కి తిప్పండి. గుంట పడితే ముందు చక్రాలు దిగబడతాయి. గుండ్రటి గులకరాళ్లు బరువు పడగానే పక్కకు దొర్లిపోతాయి. పొడితో కలిపి దిమ్మిస చేసిన కంకర అయితే, దాని కోణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిగా నిలుస్తుంది. చెక్క వంతెన మీద పలకలు అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉండి, మధ్య సందు 13 మిల్లీమీటర్లు దాటితే సన్నటి ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది. వంతెన మొదట్లో మట్టి కుంగి అంచు లేచి ఉందేమో కూడా చూడండి. 2 సెంటీమీటర్ల అంచుకు తగిలినా కుర్చీ ఠక్కున ఆగిపోతుంది, మనిషి ముందుకు తూలతాడు. అలాంటి చోట వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలను ముందు ఎక్కించాలి.

గేటు వెడల్పు కొలిచేటప్పుడు చక్రాలను తోసే రింగుల మీద ఉండే చేతివేళ్లకూ చోటు లెక్కేసుకోండి.

ప్రశ్న: కంకరలో ముందు చక్రాలు దిగబడిపోతున్నాయి. వెనక టైర్లలో గాలి తగ్గిస్తే నయమంటున్నారు. నిజమేనా?

జవాబు: గాలి తగ్గిస్తే వెనక చక్రాలకు పట్టు కాస్త పెరుగుతుంది. కానీ దిగబడేవి ముందువి కదా! పైగా టైరును నొక్కి పట్టే బ్రేకులున్న కుర్చీలో గాలి తగ్గితే బ్రేకు సరిగా పట్టదు, వాలులో అది ప్రమాదం. ఫుట్‌రెస్ట్‌కు బిగించుకునే పెద్ద మూడో చక్రం దొరుకుతుంది. అది ముందు చక్రాలను నేల నుంచి పైకి లేపేస్తుంది. పాదాలకు విడివిడి పలకలున్న మడత కుర్చీకి అది నేరుగా బిగియదు, కొనేముందు అడగండి. చిన్న దూరమైతే తోడున్నవారు కుర్చీని వెనక్కి తిప్పి లాగడమే మేలు.

ప్రశ్న: అమ్మ సీటున్న నాలుగు చక్రాల వాకర్‌తో నడుస్తుంది, మోకాళ్ల నొప్పి. ఆమెకెలాంటి బాట మంచిది?

జవాబు: వాకర్ చక్రాల వ్యాసం కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, కాబట్టి అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు దిగాల్సి వచ్చే బాట వద్దు. కూర్చునేముందు రెండు బ్రేకులూ లాక్ చేయాలి. ఆమెను సీట్లో కూర్చోబెట్టి మాత్రం తోయకండి. వాకర్ అందుకు చేసింది కాదు, చిన్న రాయి అడ్డొచ్చినా వెనక్కి పడిపోతుంది.