ఊరు అక్కడే ఎందుకు ఉంది?

అమ్మాయ్,

కజాకిస్తాన్ గడ్డి మైదానాల్లోని (స్టెప్పీ) అక్మోల్ పల్లె మీద నీ వ్యాసం అందింది. చలికాలానికి బొగ్గు నింపుకునే కొట్టం గురించి రాసిన పేరా బాగుంది. ఆ తరవాత పేజీలోనే "అనాదిగా కాలం ఆగిపోయిన స్టెప్పీ పల్లె" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు బల్ల మీద పడేశాను. అస్తానాలో వైద్యం చదువుతున్నదానివి. ఊరు చూసొచ్చావు, మ్యూజియం కూడా చూశావు. అక్మోల్‌కి అనాది ఎక్కడిది? 1930ల మొదట్లో బలవంతంగా తరలించిన కుటుంబాల కోసం వేసిన 26వ నంబరు పాయింటు అది. పేరు కూడా కాదు, నంబరు! తరవాత మలినోవ్కా అన్నారు, 2007లో అక్మోల్ అన్నారు. నువ్వేమో రెండుచోట్ల అక్మోలా అని రాశావు. అది రాష్ట్రం పేరు, ఒకప్పుడు రాజధాని పేరు కూడా. ఆ నగరమే అక్మోలిన్‌స్క్‌గా మొదలై 1961లో త్సెలినోగ్రాద్, 1992లో అక్మోలా, 1998లో అస్తానా, 2019లో నూర్-సుల్తాన్ అయ్యి, 2022లో మళ్ళీ అస్తానా అయింది. పాత పత్రాల్లో ఏ పేరు ఎప్పటిదో తెలియకుండా చదివితే ఊరి లెక్క నగరానికీ, నగరం లెక్క రాష్ట్రానికీ అంటుకుంటుంది.

ఊరి గురించి రాసేవాళ్ళు మొదట జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: ఊరు అక్కడే ఎందుకు ఉంది? స్టెప్పీలో దానికి జవాబు నీళ్ళ దగ్గర మొదలవుతుంది. ఏడాదికి సుమారు 300 మి.మీ. వర్షపాతం, మన అనంతపురానికి పడేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. అందులో కొంత మంచుగా పడి వసంతంలో ఒక్కసారిగా కరిగి పారిపోతుంది. పల్లపు చోట నిలిచిన నీళ్ళే చెరువులు. చాలావాటికి లోతుండదు, వేసవిలో అంచులు వెనక్కి జరుగుతాయి, కొన్నింట్లో ఉప్పు తేలుతుంది. ఈ ఊరి పక్కనున్న జలనాష్ చెరువులో రెల్లు పెరుగుతుంది. చెట్టే లేని చోట రెల్లంటే పొయ్యిలోకి వంటచెరకు, కప్పుకి తడిక. దానికి తోడు రైలు: 1931 కల్లా పట్టాలు అక్మోలిన్‌స్క్ దాటి కరగండ చేరాయి. మనుషుల్ని బండ్లకెత్తి తెచ్చి నలభై కిలోమీటర్ల లోపల దింపగల చోటు, నీళ్ళున్న చోటు, పారిపోవడానికి చాటు లేని చోటు. ఈ మూడూ కలిసిన చోటు కాబట్టే ఊరు అక్కడుంది. "గడ్డి సముద్రం" అనడానికి బదులు నువ్వు రాయాల్సింది ఇది. ఆ గడ్డికి కూడా పేర్లున్నాయి: తెల్లటి ఈకల్లాంటి వెన్నుల కవిల్, గుబురుగా పెరిగే తిప్చాక్, చేదు వాసనేసే పలీన్. నేల ముదురు గోధుమరంగు. ఉత్తరాన ఉన్న నల్లరేగడి కాదు, నువ్వు అదీ ఇదీ కలిపేశావు.

పాయింటు కంటే ముందు అక్కడ ఎవరూ లేరని కూడా రాయకు. కజాక్ కుటుంబాలు మందలతో తిరిగేవి, శీతాకాలపు మకాం కిస్తావ్, వేసవి మేత జైలావ్. కాపురం లేని నెలల్లో చూసినవాడికి ఖాళీ భూమిలా కనిపిస్తుంది, జార్ అధికారులు అలాగే రాసుకున్నారు. 1930 నుంచి 1933 దాకా మందల్ని లాక్కుని, తిరిగేవాళ్ళను ఒకచోట కట్టిపడేస్తే వచ్చిన కరువులో కజాకిస్తాన్‌లో సుమారు 15 లక్షల మంది పోయారు. ఖాళీ అయింది అప్పుడు.

ఇక జనాభా. ఇక్కడ నీ మీద కోపం తగ్గి సంపాదకుల మీదికి మళ్ళుతోంది. అంకెలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని ఆదివారం అనుబంధాల వాళ్ళు మీ తరానికి నూరిపోశారు. పట్టిక కనిపిస్తే చాలు, కత్తెర. దాని బదులు సూర్యాస్తమయం ఒకటి అడుగుతారు. పల్లెకి జనాభా పట్టికే అసలు కథ.

ఎలా వేయాలో చెప్తాను. ఎడమ వరసలో జనగణన తేదీ వెయ్యి, ఏడాది ఒక్కటే చాలదు: 1926 డిసెంబరు 17, 1939 జనవరి 17, 1959 జనవరి 15, 1970 జనవరి 15, 1979 జనవరి 17, 1989 జనవరి 12, తరవాత కజాకిస్తాన్‌వి 1999, 2009, 2021. 1937 జనవరి 6 నాటిది కూడా ఉంది. దాన్ని రద్దు చేసి, నడిపిన అధికారుల్ని అరెస్టు చేశారు. అంకె దొరకని గడి ఖాళీగా వదిలెయ్యి, ముందూ వెనకా చూసి సగటు వెయ్యొద్దు. రెండో వరసలో ఆనాటి పేరు. మూడోదాంట్లో హద్దు: ఊరిదా, నాలుగైదు ఊళ్ళు కలిసిన గ్రామ మండలానిదా? పాత పుస్తకం మొదటిదిస్తే కొత్త నివేదిక రెండోదిస్తుంది, చూసేవాడికి ఊరు రాత్రికి రాత్రి పెరిగినట్టుంటుంది. నాలుగో వరసలో ఎవరిని లెక్కపెట్టారు: ఆ రాత్రి ఊళ్ళో ఉన్నవాళ్ళనా, అక్కడే కాపురముండేవాళ్ళనా?

ఐదో వరస ఈ ఊరికి తప్పనిసరి: ఎవరిని లెక్కలో వెయ్యలేదు? 1937 ఆగస్టు 15 నాటి 00486 నంబరు ఉత్తర్వుతో "మాతృదేశ ద్రోహుల" భార్యలకు ఐదు నుంచి ఎనిమిదేళ్ళ శిక్ష రాసిపెట్టారు. 1938 మొదట్లో ఆ పాయింటే వాళ్ళ శిబిరమైంది, ఆల్జీర్ ("ద్రోహుల భార్యల అక్మోలిన్‌స్క్ శిబిరం" అన్న రష్యన్ పేరుకి పొడి అక్షరాలు). ఏడాది తిరిగేసరికి 1939 జనగణన. ఖైదీల్ని సోవియట్ రహస్య పోలీసు శాఖ ఎన్.కె.వి.డి. విడిగా లెక్కపెట్టుకుంది. అంటే ఊరిలో ఎక్కువమంది ఊరి లెక్కలో లేరు. శిబిరం మీదుగా వెళ్ళినవాళ్ళు 18 వేలకు పైమాటే అంటారు, శిక్ష మొత్తం అక్కడే గడిపినవాళ్ళు సుమారు 8 వేలు, స్మారక గోడ మీదున్న పేర్లు 7,620. ఈ మూడూ వేరు వేరు లెక్కలు. నువ్వు మొదటిదాన్ని తీసుకుని "ఒకేసారి" అన్న మాట తగిలించావు.

ఇళ్ళ గురించి రాసింది మరీ పల్చగా ఉంది. ఆ స్త్రీలు తమ బారకాసులు తామే కట్టుకున్నారు, సమాన్ ఇటుకతో: బంకమట్టి, తరిగిన గడ్డి, నీళ్ళు కలిపి తొక్కి, అచ్చుపోసి ఎండబెట్టేది. ఎండ చాలకపోతే లోపల పచ్చిగా ఉండిపోయి, మొదటి చలికి తడి గడ్డకట్టి ఇటుక పగులుతుంది. రెల్లు భగ్గున మండి ఇట్టే బూడిదవుతుంది కాబట్టి పొయ్యి దగ్గర ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. గడ్డకట్టిన చెరువు మీద రెల్లు కోస్తుంటే కజాక్ ముసలివాళ్ళూ పిల్లలూ రాళ్ళు విసిరారనీ, తీరా చూస్తే అవి కుర్త్ అనీ చెప్పే కథ నువ్వూ వాడుకున్నావు. వాడుకో, కానీ బతికి బయటపడ్డవాళ్ళు చెప్పుకున్న కథ అని రాయి. కుర్త్ అంటే పులిసిన పాలు వడగట్టి, ఉప్పు వేసి, ఉండలు చుట్టి రాయిలా ఎండబెట్టేది. అది చెప్తే కావలివాళ్ళు ఎందుకు మోసపోయారో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

1953లో శిబిరం మూతబడింది. మరుసటేడు బీడు భూముల దున్నకం. 1960 కల్లా కజాకిస్తాన్‌లో రెండున్నర కోట్ల హెక్టార్లు నాగలి కిందికి వచ్చాయి, రష్యా, ఉక్రెయిన్ల నుంచి జనం దిగారు. లోతుగా దున్ని మట్టి తిరగెయ్యడంతో 1960ల మొదట్లో గాలికి పైమట్టి లేచిపోయింది. షోర్తాందీలో వ్యవసాయ శాస్త్రవేత్త బరాయెవ్, కోసిన పైరు మోడు కదలకుండా నేల అడుగున కోసే పనిముట్టు వాడించాక కాస్త నిలిచింది. 1941లో వోల్గా నది ప్రాంతం నుంచి తరలించిన జర్మన్లు సోవియట్ చివరి రోజుల నుంచి జర్మనీకి వెళ్ళిపోయారు. 1997 డిసెంబరులో రాజధాని పక్కకే వచ్చింది. దూరపు పల్లెలు ఖాళీ అవుతుంటే రాజధాని చుట్టుపక్కలవి నిండుతున్నాయి. నువ్వు "మరణిస్తున్న పల్లె" అన్నది జిల్లా కేంద్రాన్ని.

కలం పేరు గురించీ పుస్తకం గురించీ కూడా అడిగావు. ముందు పట్టిక వేసి పంపు, విడి కాగితం మీద, ప్రతి అంకె పక్కన ఎక్కడ దొరికిందో రాసి. ఏ సంపాదకుడైనా తీసెయ్యమంటే నాకు చెప్పు.