ఆఫీసులో ఒకరితో పడటం లేదు.. నిద్రమాత్ర వేసుకుంటున్నా

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఒకాయన అందరి ముందు నా తప్పులు ఎత్తి చూపుతాడు, నేను చేసిన పని తనదని చెప్పుకుంటాడు. ఆయన నుంచి మెసేజ్ వస్తేనే గుండె దడదడలాడుతోంది. పని మీద మనసు నిలవడం లేదు, చిన్న చిన్నవి మర్చిపోతున్నాను. రాత్రి ఒంటిగంటైనా నిద్ర పట్టక, రెండు నెలలుగా రూమ్మేట్ ఇచ్చిన ఆల్ప్రజోలం 0.5 ఎంజీ వేసుకుంటున్నాను. తలనొప్పికి దాదాపు రోజూ ఒక మాత్ర పడాల్సిందే. శనివారం రెండు బీర్లు తాగుతాను. ఇలాంటి మనుషులతో ఎలా నెగ్గుకురావాలి? చురుగ్గా పనిచేయడానికి విటమిన్లు ఏమైనా వాడాలా?

జవాబు: ఆయన సంగతి తర్వాత, ముందు ఆ ఆల్ప్రజోలం గురించి. ఇది చదివి ఈ రాత్రే దాన్ని ఆపేయకండి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే శరీరం దానికి అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పూర్తిగా పోవచ్చు, చేతులు వణకొచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చూసి మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మనసు నిలవడం లేదు, మర్చిపోతున్నాను అన్నారు. ఆ రెండింటిలో ఈ మాత్ర పాత్ర కూడా ఉండొచ్చు. మనిషిని బట్టి కొంత తేడా ఉన్నా, వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 11 గంటలు పడుతుంది. రాత్రి ఒంటిగంటకు వేసుకుంటే, పొద్దున పదింటికి మీటింగ్‌లో కూర్చునేసరికి సగానికి పైగా రక్తంలోనే ఉంటుంది. ఆ మత్తులో కోడ్‌లో పొరపాటు దొర్లితే, ఎత్తి చూపడానికి ఆయనకు మరొకటి దొరికినట్టే. బండి మీద ఆఫీసుకు వెళ్తుంటే అది ఇంకా ప్రమాదం. బీరు తాగిన రాత్రి ఈ మాత్ర వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో బేరం లేదు, ఈ శనివారం నుంచే బీరు వద్దు.

ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. మీ రూమ్మేట్ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ ఆ చీటీ రాసింది ఆయన కోసం. నా దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల్లో ఇలా పక్క మంచం మీది స్ట్రిప్‌తో మొదలైనవాళ్లను చూస్తూనే ఉన్నాను. నిద్ర పట్టని మొదటి వారంలోనే వస్తే చాలామందికి మాత్ర అవసరమే ఉండదు. రెండు నెలలు ఆగారు, చదువుకున్నవారు, అదే నాకు బాధ.

తలనొప్పి మాత్రలదీ అదే తీరు. నెలలో 15 రోజులకు పైగా, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. కడుపుకీ, కిడ్నీలకీ మంచివి కావు.

గుండె దడ టెన్షన్ వల్లే కావచ్చు. కానీ మిమ్మల్ని పరీక్షించకుండా నేను ఆ మాట తేల్చి చెప్పలేను. బీపీ, ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి. విటమిన్ల సంగతి బి12 రిపోర్టు వచ్చాకే. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ఆయన విషయం. అందరి ముందు వాదించకండి. ఒక్కరే ఉన్నప్పుడు, ఫలానా రోజు ఫలానా మీటింగ్‌లో అన్న మాట నాకు ఇబ్బందిగా అనిపించింది అని ఆ ఒక్క సంఘటన గురించే చెప్పండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అంటే మాట తెగిపోతుంది. చేసిన పనిని ఆ సాయంత్రమే మేనేజర్‌కు రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి. తిట్లు, బెదిరింపుల దాకా వస్తే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. బుర్ర పెట్టి చేయాల్సిన పని పొద్దున మొదటి రెండు గంటల్లో, చాట్ నోటిఫికేషన్లు ఆపేసి చేసుకోండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మానేయండి.

ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌కు, ఆ తర్వాత సైకియాట్రిస్ట్‌కు చూపించుకోండి. హోసూర్ రోడ్డులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్ మీకు దూరమేమీ కాదు. అక్కడికి వెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారన్న సంకోచం వద్దు. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ తెలుగులోనూ మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే ఆ నంబరుకు చేయండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి.

వెళ్లేటప్పుడు ఆ ఆల్ప్రజోలం స్ట్రిప్, తలనొప్పి మాత్రల స్ట్రిప్ రెండూ పట్టుకెళ్లండి. బీరు మాట కూడా డాక్టర్ దగ్గర దాచకండి.