హన్మకొండలో పాత యమహా రికర్వ్ (కొనలు ముందుకు వంగిన) విల్లు దొరికింది, కొనొచ్చా?

హ్యాండిల్ బాగుంది కానీ ఒక లింబ్ (హ్యాండిల్‌కి పైనా కిందా ఉండి వంగే భాగం) కొంచెం మెలితిరిగినట్టు అనిపిస్తోందని మీరు రాశారు. నేనైతే ఆ లింబ్ సంగతి తేలేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వను.

యమహా అంటే మనకు ముందు బైకే గుర్తొస్తుంది. నిజానికి పియానోలు చేసే యమహానే 1959లో విల్లుల తయారీ మొదలుపెట్టి, 2002లో ఆపేసింది. కాబట్టి లింబ్ విరిగితే కంపెనీ నుంచి కొత్తది రాదు. ఇప్పటి విల్లుల్లో ఎక్కువగా ఐఎల్ఎఫ్ అనే ఉమ్మడి కొలతల ఫిట్టింగ్ ఉంటుంది, ఒక కంపెనీ లింబ్స్ ఇంకో కంపెనీ రైజర్‌కి (హ్యాండిల్ ఉండే మధ్య భాగానికి) ఎక్కుతాయి. పాత యమహాల్లో చాలావాటికి సొంత ఫిట్టింగే. జత లింబ్స్ లేని రైజర్ ఎంత మెరుస్తున్నా గోడకు తగిలించుకోవడానికే. నేను ఇన్నేళ్లుగా పాత విల్లులు కొంటున్నది లింబ్స్ చూసే, పేరు చూసి కాదు.

చూసే పద్ధతి చెప్తాను. స్ట్రింగ్ ఎక్కించి, కింది కొన నుంచి పై కొన వైపు ఒక కన్నుతో చూడండి. స్ట్రింగ్ రెండు లింబ్స్ వెడల్పుకీ సరిగ్గా నడిమధ్యన కనిపించాలి. కొద్దిపాటి మెలిక అయితే ఓపిగ్గా సరిచేసుకోవచ్చు. తర్వాత లింబ్ అంచుల వెంట దూది రుద్దండి, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ఫైబర్ లేచినట్టే. పొడవునా ఉన్న సన్నని గీతలు చాలాసార్లు పైపైనే ఉంటాయి. అడ్డంగా పగులు కనిపిస్తే మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి, లాగేటప్పుడు ముఖం దగ్గరే విరుగుతుంది. బాణం లేకుండా లాగి వదిలి చూపిస్తానని అమ్మేవాళ్లు అంటే వెంటనే ఆపండి. ఆ ఒక్క దెబ్బకే మంచి లింబ్ కూడా పోవచ్చు.

స్ట్రింగ్ డాక్రాన్‌దే (కొంచెం సాగే పాలిస్టర్ దారం) వేయండి. ఇప్పటి సాగని దారాలు పాత విల్లు కొనలను కోసేస్తాయి. పొడవు విల్లు మీద రాసినదానికన్నా దాదాపు 4 అంగుళాలు తక్కువ ఉండాలి.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. మే నెలలో మూసిన కారులో వదిలేస్తే లోపలి జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి. మూలకు ఆనించి నిలబెట్టినా లింబ్ మెలి తిరుగుతుంది. స్ట్రింగ్ విప్పి, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి.

రెండు లింబ్స్ మీదా ఉన్న సీరియల్ నంబరు, పౌండ్ల అంకె (విల్లు లాగడానికి పట్టే బలం) కనపడేలా ఫొటోలు పెట్టండి. అవి కలిస్తే ధర గురించి మాట్లాడదాం.